మోగని అలారం క్షేమానికి గుర్తు కాదు

ఈ సంచిక ఆరోగ్య పాఠం: ఫ్యాక్టరీలలో కాపలా కాసే మీటర్ల గురించి కుటుంబాలు తెలుసుకోవలసిన సంగతులు



నల్లమల కింద ఎగువ, దిగువ అహోబిలం మొదలుకొని ఆళ్లగడ్డ వరకు ఉన్న పల్లెల నుండి ఎన్నో కుటుంబాలు మా ఆసుపత్రికి వస్తుంటాయి. వానలు ముఖం చాటేసిన ఏడు ఈ పల్లెల వారు పనికోసం నంద్యాల వైపు ఫ్యాక్టరీలకు, బేతంచెర్ల పాలిష్ బండల యూనిట్లకు, ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీలకు, కోల్డ్ స్టోరేజీలకు పోతుంటారు. అలా కొడుకును పనికి పంపిన ఒక తల్లి, ఓ.పి. దగ్గర కూర్చొని మా నర్సును ఇలా అడిగింది:

"మావోడు కొత్తగా ఫ్యాక్టరీలో చేరినాడు సిస్టరమ్మా. ఆడ గ్యాస్ లీకైతే మోగే మిషను పెట్టినారంట. ఇంక భయం ల్యాదు కదా?"

మంచి ప్రశ్న. "మిషను ఉండడం మంచిదేనమ్మా. కాని అది పనిచేస్తోందని ఎవరైనా, ఎప్పుడైనా పరీక్షించారా? అది అడగమని మీ అబ్బాయికి చెప్పండి" అని మా నర్సు జవాబిచ్చింది. ఆ జవాబునే ఈ పాఠంలో కొంచెం వివరంగా చెప్పుకుందాం.

ముందు మా తప్పు చెప్పుకుంటాం

ఇతరులకు బుద్ధి చెప్పే ముందు మా ఇంట్లో జరిగినది చెప్పడం న్యాయం. టీకా మందులు ఉంచే ఫ్రిజ్ లోపల 2 నుండి 8 డిగ్రీల మధ్య ఉండాలి. అందుకోసం లోపల ముల్లు థర్మామీటరు ఉంటుంది. రోజుకు రెండుసార్లు చూసి రిజిస్టరులో రాయాలి. మేమూ రాశాం. ఒక వేసవిలో రాత్రంతా కరెంటు పోయింది. మరునాడు టీకాల రోజు. ఉదయం రిజిస్టరు తెరిచిన నర్సుకు అనుమానం వచ్చింది. కరెంటు లేని రాత్రి తరువాత కూడా 4 డిగ్రీలే. వెనక్కి తిప్పి చూస్తే ముందు రోజు 4, దాని ముందు రోజు 4, పదకొండు రోజులుగా ఉదయం సాయంత్రం 4. థర్మామీటరును బయటికి తీసి ఎండలో పెట్టాం. అప్పుడూ 4 డిగ్రీలే చూపించింది. ముల్లు ఇరుక్కుపోయింది.

ఆ రోజు వచ్చిన తల్లులకు క్షమాపణ చెప్పి, టీకాలు వేయకుండానే తిప్పి పంపాం. చంకన బిడ్డతో రెండు బస్సులు మారి వచ్చినవారు కూడా వారిలో ఉన్నారు. అంతకు ముందు వారం టీకా వేయించుకున్న పిల్లల సంగతి ఏమిటి? ప్రతి టీకా సీసా మీద వేడికి రంగు మారే చిన్న గుర్తు ఉంటుంది. సూది వేసే ముందు దానిని చూడడం మా నర్సులు మానలేదు. అందువలన వేడికి పాడైన మందు ఏ బిడ్డకూ వెళ్లలేదు. మొదటి కాపలాదారు నిద్రపోయినా రెండవవాడు మేలుకొని ఉన్నాడు. అయినా పదకొండు రోజులు మేము చదివినది ఉష్ణోగ్రత కాదు, చెడిపోయిన ముల్లు. థర్మామీటరు లేకపోతే అనుమానంతోనైనా ఉండేవాళ్లం. ఉన్నందువలన ధైర్యంగా ఉన్నాం. పరీక్షించని మీటరుతో వచ్చే అసలు ప్రమాదం ఈ అబద్ధపు ధైర్యమే.

గ్యాస్ మీటరు ఎలా పనిచేస్తుంది?

అమ్మోనియా, క్లోరిన్, కార్బన్ మోనాక్సైడ్ వంటి విషవాయువులను కనిపెట్టే మీటర్లలో ఎక్కువ భాగం చిన్న బ్యాటరీ వంటివి. లోపల కొద్దిగా రసాయన ద్రవం ఉంటుంది. గాలిలో ఆ వాయువు ఉంటే ద్రవంలో చర్య జరిగి సన్నని కరెంటు పుడుతుంది. ఆ కరెంటే అంకెగా కనిపిస్తుంది. అంకె పక్కన పీపీఎం అని ఉంటుంది. పది లక్షల పాళ్ల గాలిలో ఎన్ని పాళ్ల విషవాయువు ఉందో అది చెబుతుంది. అమ్మోనియా ఉన్నచోట ఎనిమిది గంటలు పనిచేసేవారికి 25 పీపీఎం దాటకూడదని సాధారణంగా పాటిస్తారు. 300 పీపీఎం దగ్గర ప్రాణానికే ముప్పు.

వంట గ్యాస్ వంటి మండే వాయువులకు మరో రకం మీటరు వాడతారు. లోపల వేడెక్కిన చిన్న పూస ఉంటుంది. వాయువు దాని మీద కాలి, పూస మరింత వేడెక్కితే అంకె పెరుగుతుంది. ఇది పనిచేయాలంటే గాలిలో ప్రాణవాయువు ఉండాలి. ప్రాణవాయువు తగ్గిన ట్యాంకులో ఈ మీటరు తక్కువ అంకె చూపి మోసగించగలదు. అందుకే ట్యాంకులోకి మనిషిని దింపే ముందు మొట్టమొదట ప్రాణవాయువునే కొలుస్తారు. మామూలు గాలిలో అది 20.9 శాతం. 19.5 శాతానికి తగ్గితే మీటరు మోగాలి.

గోడకు బిగించిన మీటరు నుండి కంట్రోల్ రూముకు తీగ వెళుతుంది. చాలా ఫ్యాక్టరీలలో ఆ తీగ గుండా 4 నుండి 20 మిల్లీ ఆంపియర్ల కరెంటు పోతుంది. గ్యాస్ అసలు లేనప్పుడు కూడా 4 పోతుంది. ఎందుకు? హాస్టలులో చదివే బిడ్డ ఆదివారం ఫోను చేసి "బాగున్నానమ్మా" అంటే మనకు నిమ్మళం. అసలు ఫోనే రాకపోతే "కబురు లేదు గనుక బాగానే ఉన్నాడు" అని ఊరుకుంటామా? కంగారుపడి మనమే ఫోను చేస్తాం. 4 అంటే "నేను బతికే ఉన్నాను, గ్యాస్ లేదు" అని మీటరు చెప్పే కబురు. తీగ తెగితే అది 0కి పడిపోతుంది, వెంటనే లోపం దీపం వెలగాలి. నిశ్శబ్దం వేరు, క్షేమం వేరు అని మీటరు చేసినవారికి ముందే తెలుసు.

మన ప్రాంతంలో మీటర్లకు వచ్చే జబ్బులు

వేడి: మన రాయలసీమ ఎండలకు, పొడిగాలికి మీటరు లోపలి ద్రవం త్వరగా ఎండిపోతుంది. ఇలాంటి మీటరు సెన్సారు సాధారణంగా రెండు మూడేళ్లు పనిచేస్తుంది. ఎండలో, బాయిలరు పక్కన బిగిస్తే అంతకంటే ముందే చచ్చిపోవచ్చు. చచ్చిన సెన్సారు చాలాసార్లు 0 చూపుతుంది. స్వచ్ఛమైన గాలిలోనూ 0, విషంలోనూ 0.

దుమ్ము: సిమెంటు పొడి, బండల పొడి సెన్సారు ముందున్న జల్లెడను మూసేస్తాయి. లోపల అంతా బాగున్నా గ్యాస్ లోపలికి చేరదు. ముక్కు దిబ్బడ పట్టిన కుక్క కాపలా కాసినట్టు ఉంటుంది.

కరెంటు: వోల్టేజీ ఎగుడుదిగుళ్లకు సర్క్యూట్లు పాడవుతాయి. కరెంటు పోయినప్పుడు మీటరు, సైరను కూడా ఆగిపోతే అవసరమైన గంటలోనే కాపలా ఉండదు. వాటికి విడిగా బ్యాటరీ ఉండాలి.

మన చేతులు: సిలికాన్ ఉన్న స్ప్రేలు, పాలిష్‌లు మండే వాయువుల మీటరు పూసకు విషం వంటివి. సిగరెట్ లైటరు గ్యాస్ వదిలి "చూడు, మోగుతోంది" అనడం చాలాచోట్ల అలవాటు. అంత చిక్కని గ్యాస్ ఒక్కసారిగా తగిలితే పూస పాడవుతుంది. పైగా అంకె సరైనదో కాదో అది చెప్పదు.

పెట్టిన చోటు: వంట గ్యాస్ గాలికంటే బరువు, నేల మీద పరుచుకుంటుంది. దాని మీటరు కింద ఉండాలి. అమ్మోనియా గాలికంటే తేలిక, పైకి పోతుంది. కాని ద్రవరూపంలో ఉన్న అమ్మోనియా ఒక్కసారిగా బయటపడితే చల్లని తెల్లని పొగలా నేలబారున కూడా పాకుతుంది. అందువలన మీటరు ఎక్కడ ఉండాలన్నది తెలిసినవారు నిర్ణయించాలి. మేకు దొరికిన చోట తగిలించకూడదు.

మీటరుకు పరీక్ష ఎలా చేస్తారు?

మొదటిది తగిలింపు పరీక్ష. ఫ్యాక్టరీలో దీనిని బంప్ టెస్ట్ అంటారు. చిన్న సిలిండరులో కొలత తెలిసిన గ్యాస్ ఉంటుంది. దానిని మీటరుకు కొద్దిసేపు తగిలించి అంకె లేస్తుందా, గంట మోగుతుందా, దీపం వెలుగుతుందా చూస్తారు. చేతిలో పట్టుకొనే మీటరుకు ఇది వాడే ప్రతి రోజూ, పని మొదలు పెట్టకముందే చేయాలి. ఒకటి రెండు నిమిషాల పని.

రెండవది క్యాలిబ్రేషన్, అంటే అంకె సరిదిద్దడం. సిలిండరులో 25 పీపీఎం ఉంటే మీటరు 25 చూపేలా సరిచేస్తారు. తయారీదారు చెప్పిన గడువు ప్రకారం చేసి, తేదీ రాసిన చీటీ మీటరు మీద అంటించాలి. ఈ సిలిండరుకూ గడువు తేదీ ఉంటుందని మరువకూడదు.

సున్నా సరిచేయడం స్వచ్ఛమైన గాలిలోనే జరగాలి. గ్యాస్ ఉన్నచోటే సున్నా నొక్కితే, ఉన్న విషాన్ని మీటరు "ఏమీ లేదు" అని నేర్చుకుంటుంది. ఆ తరువాత అది చెప్పే ప్రతి అంకె తక్కువే.

మీటరు తప్పు చెబుతోందని ఎలా తెలుస్తుంది?

1. ఎన్ని రోజులు చూసినా ఒకే అంకె: సెన్సారు చచ్చిపోయి ఉండవచ్చు, మూసుకుపోయి ఉండవచ్చు. పరీక్ష గ్యాస్ తగిలించి చూడాలి.

2. సున్నా కంటే తక్కువ అంకె: మునుపు పాడుగాలిలో సున్నా చేసి ఉండవచ్చు. బయటికి తెచ్చి తిరిగి చేయాలి.

3. పరీక్షలో అంకె మెల్లగా లేవడం: జల్లెడ మూసుకుంది, లేదా సెన్సారు ముసలిదయింది.

4. కారణం లేకుండా మాటిమాటికి మోగడం: ముందు గ్యాస్ నిజంగానే ఉందని అనుకొని అందరూ బయటికి రావాలి. వేరొక మీటరుతో చూశాకే మొదటి మీటరును అనుమానించాలి. తేమ, తీగల వదులు, పక్కనున్న వేరే వాయువు కారణం కావచ్చు.

5. మోత భరించలేక ఎవరో తీగ పీకేయడం: ఇది మీటరు జబ్బు కాదు, మనుషుల జబ్బు. ఊరికే మోగే మీటరును బాగుచేయించాలి గాని దాని నోరు మూయకూడదు.

రెండు ఊళ్లు నేర్పిన పాఠం

1984 డిసెంబరు 2 రాత్రి భోపాల్‌లోని యూనియన్ కార్బైడ్ ఫ్యాక్టరీలో విషద్రవం ఉన్న 610 నంబరు ట్యాంకు పీడనం 10 గంటల 20 నిమిషాలకు 2 అని నమోదయింది. తరువాత షిఫ్టు మారింది. 11 గంటలకు కొత్త షిఫ్టు మనిషి చూస్తే 10 ఉంది. 2 నుండి 25 వరకు మామూలే గనుక ఆయనకు ఏమీ తోచలేదు. 40 నిమిషాలలో అయిదింతలయిందన్న సంగతి ఒక్క అంకెలో కనిపించదు. రెండు అంకెలు పక్కపక్కన పెడితేనే కనిపిస్తుంది. పైగా అక్కడి మీటర్లు సరిగా చెప్పవన్న పేరు ముందే ఉంది. ద్రవాన్ని చల్లబరిచే యంత్రాన్ని ఆ ఏడు జూన్ లోనే ఆపేశారు. అర్ధరాత్రి దాటేసరికి పీడనం మీటరు కొలవగలిగే హద్దును మించిపోయింది. వేలమంది చనిపోయారు.

2020 మే 7 తెల్లవారుజామున మన రాష్ట్రంలోనే విశాఖపట్నం ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్.జి. పాలిమర్స్ ట్యాంకు నుండి స్టైరీన్ ఆవిరి వెలువడి 12 మంది ప్రాణాలు కోల్పోయారు. వందలమంది ఆసుపత్రుల పాలయ్యారు. ప్రభుత్వం నియమించిన ఉన్నతస్థాయి కమిటీ అదే ఏడు జూలైలో నివేదిక ఇచ్చింది. ట్యాంకులో ఉష్ణోగ్రత కొలిచే ఏర్పాటు అడుగున మాత్రమే ఉందని, మధ్యలో, పైన లేదని కమిటీ తెలిపింది. చల్లబరిచే పైపులున్న అడుగుభాగం చల్లగానే కనిపించింది, పైన వేడి పెరిగింది. ఫ్యాక్టరీలో సైరను నొక్కేందుకు 36 చోట్లు ఉన్నా, ఊరిని లేపడానికి ఆ రాత్రి సైరను మోగలేదని కూడా కమిటీ రాసింది.

ఆ తరువాత రెండు నెలలు తిరగకముందే, 2020 జూన్ 27న, మన నంద్యాలలోని ఎస్.పి.వై. ఆగ్రో ఫ్యాక్టరీలో అమ్మోనియా లీకై జనరల్ మేనేజరు మరణించారు. గ్యాస్ ప్రమాదాలు ఎక్కడో పెద్ద పట్నాలలో జరిగేవి అనుకోవడానికి వీలులేదు.

భోపాల్, విశాఖ రెండూ మూడు సంగతులు నేర్పుతున్నాయి. అంకెను నిన్నటి అంకెతో పోల్చాలి. మీటరు తాను ఉన్నచోటి సంగతే చెబుతుంది, తక్కిన చోట్ల సంగతి చెప్పదు. గంట ఉండడం చాలదు, దానిని మోగించే మనిషి ఉండాలి.

అలారం మోగితే

మొదట బయటికి రండి, కారణం తరువాత వెతకవచ్చు. గాలి ఎటు నుండి వీస్తోందో చూసి, గ్యాస్ వచ్చే దారికి అడ్డంగా, గాలి వచ్చే వైపుకు నడవండి. అమ్మోనియా నీటిలో కరుగుతుంది. తడిగుడ్డ ముక్కుకు అడ్డుపెట్టుకుంటే బయటపడేందుకు కొంత సాయం. దానిని నమ్ముకొని లోపలికి మాత్రం వెళ్లరాదు.

కళ్లు మండితే మంచినీళ్లతో కనీసం 15 నిమిషాలు ఆపకుండా కడగండి. గ్యాస్ తగిలిన బట్టలు విప్పేయండి. 108కి ఫోను చేయండి. దగ్గు తగ్గిందని ఇంటికి వెళ్లి పడుకోకండి. ఊపిరితిత్తులలో నీరు కొన్ని గంటల తరువాత కూడా చేరవచ్చు. ఏ గ్యాస్ తగిలిందో డాక్టరుకు చెప్పండి.

వాసన లేదు గనుక గ్యాస్ లేదని అనుకోకండి. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసనే లేదు. కుళ్లిన గుడ్డు వాసన వేసే హైడ్రోజన్ సల్ఫైడ్ 100 పీపీఎం దగ్గరకు వచ్చేసరికి ముక్కు వాసన పట్టే శక్తినే చంపేస్తుంది. వాసన పోయింది అనుకొనే క్షణమే అన్నిటికంటే ప్రమాదం.

బావులకు, సెప్టిక్ ట్యాంకులకు కూడా ఇదే వర్తిస్తుంది. దీపం దించి ఆరిపోతుందా అని చూసే పాత పద్ధతి ప్రాణవాయువు బాగా తగ్గితేనే చెబుతుంది. విషవాయువును చెప్పదు, మండే వాయువుంటే అంటుకుంటుంది. లోపల ఒకరు పడిపోతే వెంటనే రెండవవారు దిగకండి. అన్నను తీయబోయి తమ్ముడు, తమ్ముడిని తీయబోయి తండ్రి పోయిన ఇళ్లు ఉన్నాయి. 101కి ఫోను చేసి, గాలి సిలిండరు తొడుక్కున్నవారు వచ్చేవరకు పై నుండి తాడుతో చేయగలిగినదే చేయండి.

ఇంట్లోవారు అడగవలసిన అయిదు ప్రశ్నలు

పనికి వెళ్లే భర్తను, కొడుకును, కూతురును ఈ వారం కూర్చోబెట్టి అడగండి:

1. మీరు పనిచేసే చోట ఏ గ్యాస్ ఉంది? దాని పేరు మీకు తెలుసా?

2. అక్కడి మీటరు మీద క్యాలిబ్రేషన్ చీటీ ఉందా? తేదీ ఎంత?

3. చివరిసారి సైరను మోగించి చూసినది ఎప్పుడు?

4. కరెంటు పోతే మీటరు పనిచేస్తుందా?

5. మోగితే ఏ దారిన బయటికి వచ్చి ఎక్కడ నిలబడాలి?

"ఇవన్నీ అడిగితే పనిలోనుండి తీసేస్తారేమో" అని భయపడేవారు ఉన్నారు. ఆ భయాన్ని మేము తేలికగా తీసుకోవడం లేదు. ఒక్కరే అడగడం కష్టమైతే నలుగురు కలిసి మర్యాదగా అడగండి. ముంచుకొచ్చే ప్రమాదం గురించి యాజమాన్యాన్ని హెచ్చరించే హక్కును కార్మికులకు భోపాల్ తరువాత 1987లో ఫ్యాక్టరీల చట్టంలో చేర్చారు. వేలమంది ప్రాణాలు పోయాక వచ్చిన మాట అది. వాడుకోకపోతే ఎవరికీ మేలు లేదు.

ఇంటి మీటర్లకూ ఇదే నియమం. షుగరు మిషను స్ట్రిప్పుల గడువు చూడండి, డబ్బా మూత గట్టిగా పెట్టండి. బి.పి. మిషనును ఏడాదికి ఒకసారి ఆసుపత్రికి తెచ్చి మా మిషనుతో పోల్చుకోండి. మా ఫ్రిజ్‌లో ఇప్పుడు రెండు థర్మామీటర్లు ఉన్నాయి. రెండూ ఒకే మాట చెప్పని రోజున ఏది నిజమో తేలేవరకు టీకాలు వేయము. నెలకొకసారి రెండింటినీ మంచునీళ్లలో ముంచి సున్నా చూపుతున్నాయా అని చూస్తున్నాం.

తిరిగి ఆలోచించండి

గ్యాస్ లేనప్పుడు కూడా మీటరు తీగలో కరెంటు ఎందుకు పంపుతారు? పదకొండు రోజులు ఒకే అంకె వస్తే దానిని మంచి కబురు అనుకోవచ్చా? సున్నా ఎక్కడ సరిచేయాలి? మీ ఇంట్లో ఎవరు ఫ్యాక్టరీ పనికి వెళుతున్నారు, వారిని మొదట ఏ ప్రశ్న అడుగుతారు?

ఈ పాఠాన్ని సంఘ కూడికలో, మహిళా గుంపులో ఒకరు చదివి మిగిలినవారు వినండి. చదువురాని తల్లులకు ఆ అయిదు ప్రశ్నలు నోటికి నేర్పండి. మా నర్సును అడిగిన ఆ తల్లి మరుసటి నెల మందులకు వచ్చినప్పుడు ఒక కబురు తెచ్చింది. వాళ్లబ్బాయి చీటీ చూశాడట, తేదీ దాటిపోయి ఏడాదయిందట. సూపర్‌వైజరుకు చెప్పితే కొత్త సెన్సారు తెప్పించి వేశారట. "ఇప్పుడు మోగుతాండాదంట సిస్టరమ్మా, వారానికోసారి మోగించి చూస్తాండారంట" అని చెప్పి, మందుల చీటీ తీసుకొని బస్సుకు వెళ్లింది.